పెద్దమ్మ ఎక్కని రైలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రైలు గురించి మాట్లాడగలిగిన మనిషి మా పెద్దమ్మ ఒక్కతే. మిగతా అందరికీ రైలంటే ఒంగోలులో ఎక్కి తిరుపతిలోనో మద్రాసులోనో దిగేది, అంతే. పెద్దమ్మకు మాత్రం రైలంటే పుట్టిల్లు. ఆమె పుట్టి పెరిగింది దొనకొండ రైల్వే క్వార్టర్సులో. వాళ్ళ నాన్న బొగ్గింజను మీద ఫైర్‌మన్‌గా చేసేవాడు. పారతో బొగ్గు ఎత్తి పొయ్యిలోకి విసిరే పని. డ్యూటీ దిగి ఇంటికొస్తే పళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేవి కావట. చిన్నప్పుడు ఆయనకు క్యారియరు పట్టుకుని షెడ్డు దాకా వెళ్ళడం ఆమె పని. ఒకసారి డ్రైవరు ఆమెను ఎత్తి ఇంజను మీద నిలబెట్టి, గొలుసు చేతికిచ్చి లాగమన్నాడట. ఆ కూత క్వార్టర్సు మొత్తం వినిపించిందని, అది తను కూయించిందేనని నమ్మించడానికి వాళ్ళమ్మ దగ్గర ఏడవాల్సి వచ్చిందని చెప్పేది.

ఈ సంగతులన్నీ ఆమె మాకు మధ్యాహ్నాల పూట చెప్పేది. పత్తి ఒలుస్తూ చెప్పేది, నాయనమ్మ కాళ్ళకు నూనె రాస్తూ చెప్పేది. నేనూ మా తమ్ముడూ ఎదురుగా కూర్చుని వినేవాళ్ళం. ఇంజను నీళ్ళు తాగుతుందనీ, ఆగి ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తుందనీ, వానాకాలంలో దాని పక్కన నిలబడితే చలి వేయదనీ ఆమె చెబుతుంటే అది మా గొడ్లచావిట్లో కట్టేసిన గేదె అంత దగ్గరగా అనిపించేది.

మా ఊరు మార్టూరుకు దగ్గర్లో. నాన్నకు మిరప, పత్తి సేద్యం. పెద్దమ్మ మా నాన్న అన్నగారి భార్య. నేను పుట్టకముందే పెదనాన్న పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయాడట. వాళ్ళకు పిల్లలు లేరు. తర్వాత పుట్టింట్లో తల్లీ తండ్రీ పోయారు. దాంతో ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉండిపోయింది అన్నది మావాళ్ళ మాట. ఆమె ఆ ఇంటి మొదటి కోడలనీ, ఆ పొలంలో ఆమెకూ భాగం ఉందనీ నాకు తెలిసేసరికి చాలాకాలం పట్టింది. ఆమె బతికిన తీరు చూస్తే ఎవరికీ తట్టదు. తెల్లారకముందే పాలు పితకడం, నాయనమ్మకు స్నానం చేయించడం, మిరపకాయలు కళ్ళంలో ఉన్నన్నాళ్ళూ ఎండలో కూలీలతో పాటు నిలబడటం, అందరూ తిన్నాక తినడం. మా ఇంట్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనగా నేను వినలేదు. నీకేం కావాలని అడగ్గా కూడా వినలేదు.

మా వైపు చిన్న లైను తీసేసి పెద్ద లైను వేసిన రోజులవి. బొగ్గింజన్లు అంతకు కొన్నేళ్ళ ముందే పోయాయి. ఏదో పెళ్ళికి దొనకొండ వెళ్ళొచ్చిన పెద్దమ్మ, పాత పట్టాలు పీకి పొయ్యిలో కట్టెల్లాగా కుప్పలేసి ఉన్నాయని చెప్పింది. తర్వాత చాలా రోజులు రైలు కబుర్లు చెప్పలేదు. మేము అడిగితే, "ఇంకేముందమ్మా, అయిపోయినయ్యి" అనేది.

ఒక ఆదివారం టీవీలో ఊటీ కొండ ఎక్కే చిన్న రైలును చూపించారు. నీలం రంగు పెట్టెలు, వెనకనుంచి పొగలు కక్కుతూ నెట్టే నల్లటి ఇంజను. నేను వంటింట్లోకి పరుగెత్తి పెద్దమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ బొమ్మ పోయి వేరే కార్యక్రమం వచ్చేదాకా కదల్లేదు.

"ఇంకా ఉందా బొగ్గింజను?" అంది.

ఆ రోజు నుంచి నేనూ తమ్ముడూ నాన్న వెంటపడ్డాం. ఆ ఏడు మిరపకాయకు మంచి ధర పలికింది. నాన్న మనసు కూడా కొంచెం కుదురుగా ఉంది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒకాయన నాన్నకు కొత్తగా స్నేహితుడయ్యాడు. ఆయనా వేసవిలో కుటుంబంతో ఊటీ వెళ్ళాలనుకుంటున్నాడట. కలిసి వెళ్దామనీ, టికెట్లన్నీ తనే గుంటూరులో తీయిస్తాననీ అన్నాడు.

ఆ సంగతి నాన్న భోజనాల దగ్గర చెప్పాడు. చెప్పి, పెద్దమ్మ వైపు చూసి, "నువ్వు కూడా రా వదినా. నీ ఇంజను చూపిస్తా, ఎక్కిస్తా" అన్నాడు.

పెద్దమ్మ చారు వడ్డిస్తోంది. గరిటె అలాగే ఆగింది. "నేనెందుకులే అబ్బయ్యా" అంది గానీ ఆ గొంతులో నిజంగా వద్దనడం లేదు.

"నువ్వు రాకపోతే ఎట్టా? పిల్లలకు దాని సంగతులు చెప్పేదెవరు?" అన్నాడు నాన్న. అమ్మ తలవంచుకుని అన్నం కలుపుతోంది. అప్పుడు నాకు అది గుర్తుపెట్టుకోదగ్గ విషయంగా తోచలేదు.

ఆ వేసవి సెలవుల మొదటి రోజులన్నీ పెద్దమ్మవే. పెట్టె అడుగునుంచి లేతగోధుమ రంగు పట్టుచీర తీసి ఎండలో వేసింది. అది పెదనాన్న ఉన్నప్పటిది. మళ్ళీ ఏమనుకుందో, బొగ్గు నుసి పడుతుందని అది లోపల పెట్టేసి నూలుచీర తీసింది. పంపు దగ్గర నీళ్ళకు వెళ్ళి ఊరంతటికీ చెప్పింది. "మావాళ్ళు నన్ను బొగ్గుబండి ఎక్కించడానికి తీసకపోతన్నారు" అని. ఆమె తన గురించి ఎవరికైనా ఏదైనా చెప్పుకోవడం నేను చూసింది అదే మొదలు. ప్రయాణానికి జంతికలు వండింది, చపాతీలు చేసింది, పులిహోర కలిపింది, గోంగూర పచ్చడి డబ్బాకెత్తింది. నాయనమ్మ కూడా వస్తానంది. ఆమె ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప నడవలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ పెద్దమ్మదే.

ఒంగోలులో రైలెక్కాం. నాన్న స్నేహితుడి కుటుంబం గుంటూరు నుంచి వేరే పెట్టెలో వచ్చారు, మద్రాసులో కలిశారు. ఆయన, భార్య, మా ఈడు కొడుకు. ఆయనది నవ్వు మొహం. పెద్దమ్మ తెచ్చిన జంతికలు తిని, "మా ఇంట్లో ఇంత బాగా కుదరవండీ" అని భార్య ముందే అన్నాడు. అక్కణ్ణుంచి మరో రైల్లో ప్రయాణం చేసి, తెల్లారేసరికి కొండ కింద స్టేషన్లో దిగాం.

చిన్న రైలు అప్పటికే సిద్ధంగా ఉంది. నాన్న సామాన్లు దింపుతుండగా పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని గబగబా ఇంజను దగ్గరికి నడిచింది. నడిచేటప్పుడు పట్టాల వైపు చూసి, "మన పాత లైను వెడల్పే ఇది" అంది. ఇంజను ముందు నిలబడి కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది. "అదే వాసన" అంది. బొగ్గు, ఆవిరి, కాలిన నూనె కలిసిన వాసన. నాకు దగ్గు వచ్చింది. ఆమె నవ్వింది. ఇంజను పక్కన పనిచేస్తున్న ఒకాయన అరవంలో ఏదో అడిగాడు. పెద్దమ్మ తెలుగులో, "మా నాయన కూడా ఇదే పని" అని చేత్తో పార విసిరినట్టు చూపించింది. ఆయనకు అర్థమైంది. తలూపి నవ్వాడు. ఆమె మొహం అంత వెలుగుగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మేము తిరిగి వచ్చేసరికి నాన్న, అమ్మ సామాన్ల చుట్టూ నిలబడి ఉన్నారు. నాయనమ్మ సిమెంటు బల్ల మీద కూర్చుంది. స్నేహితుడి కుటుంబం టీ తాగడానికి వెళ్ళింది.

"ఒక టికెట్టు తగ్గింది వదినా" అన్నాడు నాన్న. "సామాన్లు కూడా ఇందులో పట్టవంట. పెట్టెలు మరీ చిన్నవి."

అమ్మ సంచుల ముడులు సరిచూస్తోంది. నాయనమ్మ అంది, "నేను బస్సెక్కలేను తల్లీ, ఘాటు రోడ్డంటే కడుపులో తిప్పుద్ది." ఎవరి పేరూ ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాదని అందరికీ తెలుసు.

"నేను బస్సులో వస్తాలే" అంది పెద్దమ్మ.

నాన్న వెంటనే, బస్టాండు పక్కనేననీ, కూనూరు బస్సు ఎక్కమనీ, అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర దిగి కూర్చోమనీ, బొగ్గింజను అక్కడిదాకానే గనక అక్కణ్ణుంచి ఊటీకి అందరం కలిసి పోదామనీ చెప్పాడు. ఒక కాగితం మీద ఆ ఊరి పేరు అరవంలో ముందే రాయించి పెట్టాడు. అది ఆమె చేతికిచ్చాడు. కూలీని పిలిచి సామాన్లు ఎత్తించాడు. ఆమె నా తల నిమిరి, "కూత వేసేటప్పుడు చెవులు మూసుకోబాక, వినాలి" అని చెప్పి కూలీ వెనక వెళ్ళిపోయింది. టికెట్టు తగ్గడం ఆ రోజు జరిగిన పొరపాటే అని ఆమె అనుకుంది. నేనూ అనుకున్నాను.

ఇంజను కూసింది. నేను చెవులు మూసుకోలేదు. రైలు కదిలింది.

ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ చెప్పగలను. మొదట పోకచెట్ల తోటలు, తర్వాత ఒక్కసారిగా కొండ మొదలైంది. పట్టాల మధ్యలో పళ్ళున్న ఇంకో పట్టా ఉంది, దాన్ని పట్టుకుని ఇంజను వెనకనుంచి మమ్మల్ని నెడుతోంది. మలుపు తిరిగినప్పుడల్లా కిటికీలోంచి దాని నల్లటి వీపు కనిపించేది. సొరంగంలోకి వెళ్ళినప్పుడు పెట్టెలో పిల్లలందరం అరిచాం. పైనుంచి నీళ్ళు చుక్కలుగా చేతిమీద పడ్డాయి. వంతెనల మీద కింద నేల కనిపించేది కాదు. మా నేల బల్లపరుపు. మిరపచేల మీదుగా చూస్తే ఆకాశం దాకా అడ్డమే ఉండదు. అలాంటి చోట పుట్టిన పిల్లకు ఆ లోయలు చూస్తే ఎలా ఉంటుంది? నేను తమ్ముణ్ణి తోసి కిటికీ పట్టుకున్నాను.

మధ్యలో ఒక చిన్న స్టేషన్లో ఇంజను నీళ్ళ కోసం ఆగింది. అందరూ దిగారు. నాన్న స్నేహితుడు టీ గ్లాసుతో మా దగ్గరికి వచ్చి చుట్టూ చూశాడు.

"అక్కయ్యగారేరీ?"

"సామాన్లతో బస్సులో వస్తంది" అన్నాడు నాన్న.

ఆయన నవ్వు తగ్గింది. "అదేందండీ. కొండ రైలుకు టికెట్లు తీసేటప్పుడు సామాన్లతో బస్సులో ఒక మనిషి వస్తది, ఆ మనిషికి వద్దంటిరి. నేను పనిమనిషేమో అనుకున్నా. మీ వదినగారని అప్పుడే చెబితే ఆమెక్కూడా తీసేవాణ్ణిగా. ఎన్ని కావాలంటే అన్ని దొరికినయ్యి."

నాన్న కొండ వైపు చూస్తూ, "ఎవరో ఒకరు సామాన్లతో రావాలిగా" అన్నాడు.

"అక్క ఏమీ అనుకోదులెండి" అంది అమ్మ.

ఆయన గ్లాసు ఇచ్చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేనూ తమ్ముడూ అక్కడే నిలబడి ఉన్నాం. పెద్దవాళ్ళు అబద్ధం ఆడటం నాకు కొత్త కాదు. ఇంట్లో ఉండి లేరని చెప్పించడం, పొరుగూరి చుట్టాలకు జ్వరమని చెప్పడం చూశాను. కానీ ఇది అలాంటిది కాదని ఏదో తెలిసింది. పట్టుచీర ఎండలో వేసిన రోజు, పంపు దగ్గర చెప్పుకున్న రోజు, జంతికలు వండిన రోజు, ఇవన్నీ జరుగుతున్నప్పుడే అమ్మకీ నాన్నకీ ఈ సంగతి తెలుసు. ఆమె వస్తే నాయనమ్మను పట్టుకునే మనిషి ఉంటుంది, వండి తెచ్చే మనిషి ఉంటుంది, సామాన్లకు మనిషి ఉంటుంది. రమ్మన్నది అందుకు.

కూనూరులో దిగేసరికి పెద్దమ్మ ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది. బస్సు రైలుకంటే చాలా ముందే చేరిందట. సామాన్లు గోడవార పేర్చి, ఇంజను ఆగే చోటు ఎవరినో అడిగి తెలుసుకుని, అక్కడికి వెళ్ళి నిలబడింది. మమ్మల్ని చూసి గబగబా వచ్చింది.

"ఒక మలుపు కాడ మీ పొగ కనపడింది" అంది నాతో. "మా పిల్లలు అందులో ఉన్నారని బస్సులో అందరికీ చెప్పా. వాళ్ళకి తెలుగు రాదు, అయినా చూశారు. కూత విన్నావా?"

నేను జవాబు చెప్పేలోపు మా తమ్ముడు అన్నాడు. వాడికి అప్పుడు ఏడేళ్ళు. విన్నది విన్నట్టు చెప్పడం తప్ప ఇంకేమీ తెలియదు.

"పెద్దమ్మా, నీకసలు టికెట్టే తీయలేదంట. నాన్న వద్దన్నాడంట. ఆ మావయ్య నువ్వు పనిమనిషివేమో అనుకున్నాడంట."

అమ్మ వాడి జబ్బ పట్టుకుని పక్కకు లాగింది. అప్పటికే ఆలస్యమైంది. పెద్దమ్మ నాన్న వైపు చూసింది. కోపంగా చూడలేదు. లెక్కలో ఎక్కడో తేడా వచ్చిందనుకుని, సరిచేసి చెబుతాడేమోనని చూసినట్టు చూసింది. నాన్న సరిచేయలేదు.

"ఇంటికాడే చెప్పొచ్చుగా అబ్బయ్యా" అంది.

"చెబితే బాధపడతావని" అన్నాడు నాన్న.

"సరే" అంది ఆమె.

నాన్న స్నేహితుడు ముందుకొచ్చాడు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. "అక్కయ్యా, తిరిగి వెళ్ళేటప్పుడు ఇదే రైల్లో పోదాం. మీ టికెట్టు నేను తీసుకొస్తా. కావాలంటే నా సీటు మీరు తీసుకోండి, నేను బస్సులో దిగుతా" అన్నాడు.

"వద్దు తమ్ముడూ" అంది పెద్దమ్మ. "మీరడిగారు, చాలు." వెళ్ళి రెండు సంచులు భుజాన వేసుకుంది. ఆమె వెనకాలే ఇంజనును పెట్టెలనుంచి విడదీస్తున్నారు. అది పెద్ద చప్పుడుతో ఆవిరి వదిలింది. ఆమె తల తిప్పలేదు.

ఊటీలో ఉన్నన్ని రోజులూ పెద్దమ్మ ఎప్పటిలాగే ఉంది. నాయనమ్మను నడిపించింది, మాకు తలలు దువ్వింది, తోటలో పూలు చూసి బాగున్నాయంది. అమ్మ ఊపిరి పీల్చుకుంది. "చెప్పలా, అక్క ఏమీ అనుకోదని" అని నాన్నతో మెల్లగా అనడం విన్నాను. తిరుగు ప్రయాణం నాయనమ్మతో సహా అందరం బస్సులోనే చేశాం. ఊళ్ళో దిగిన మర్నాడే పంపు దగ్గర ఆడవాళ్ళు పెద్దమ్మను చుట్టుముట్టారు. ఎక్కావా, ఎట్టా ఉంది అని. "ఎక్కలా" అంది ఆమె. ఎందుకని అడిగితే, "నాకు టికెట్టు తీయలా" అంది. ఏదో ఒకటి కల్పించి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి మా ఇంటికి చేరింది. పరువు తీసిందని అమ్మ ఆ రోజు అన్నం మానేసింది.

మిరప నారు పోసే రోజులు దగ్గరపడుతుండగా నాన్న మేనమామ ఏదో పనిమీద వచ్చి వసారాలో కూర్చున్నాడు. పెద్దమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, వెనక్కి పోకుండా గడప దగ్గరే నిలబడింది.

"మీరు పెద్దవాళ్ళు ఉన్నారు గనక చెబుతున్నా. మా ఆయన వాటా పొలం నాకు పంచివ్వండి. నేనే చేసుకుంటా" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. "రైలెక్కించలేదనా?"

"రైలుకి కాదు."

"మరి దేనికి? ఇన్నేళ్ళు నిన్ను ఎవరన్నా ఒక మాట అన్నారా ఈ ఇంట్లో?"

"అనలేదు" అంది పెద్దమ్మ. "నేనెవరినని నువ్వు బయట చెప్పుకుంటున్నావో నాకు తెలవలా. తెలిసింది."

ఆ తర్వాత జరిగినదంతా కేకలు, ఏడుపులు, మధ్యవర్తులు. నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది. పెద్దమ్మ కుటుంబాన్ని చీల్చిందనీ, ఒక్క పూట రైలు కోసం ఆస్తి అడిగిందనీ ఊరంతా చెప్పుకుంది. ఆమెకు రైలమ్మ అని పేరు పెట్టారు. నిన్నటి దాకా ఆమె జాలిపడదగ్గ మనిషి. పొలం అడిగిన రోజు నుంచి పొగరున్న మనిషి అయిపోయింది. చివరికి పంచక తప్పలేదు. నాన్న సాగర్ కాలువ చివరన ఉన్న పొలం చెక్క ఇచ్చాడు. పై పొలాలన్నీ తడిశాక మిగిలితే నీళ్ళు అక్కడికి చేరతాయి. ఆమె బేరం ఆడలేదు. వేరే వీధిలో ఒక పెంకుటింట్లో వాటా అద్దెకు తీసుకుని, తన పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

మొదటి ఏడు పత్తి వేసింది. పురుగు తినేసింది. ఇక తిరిగి వస్తుందని మావాళ్ళు అనుకున్నారు. రాలేదు. రెండో ఏడు మిరప వేసింది, తాలుకాయ ఎక్కువైనా గింజుకుని నిలబడింది. నన్నూ తమ్ముణ్ణీ ఆమె ఇంటికి వెళ్ళొద్దని అమ్మ కట్టడి చేసింది. నాయనమ్మ పూర్తిగా మంచాన పడినప్పుడు అమ్మ ఒక్కతే చేయలేక అవస్థ పడింది. ఎవరూ పిలవకుండానే పెద్దమ్మ రోజూ పొద్దున్నే వచ్చేది. నాయనమ్మ ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, తల దువ్వి వెళ్ళిపోయేది. అమ్మ కాఫీ కలిపి పెడితే ముట్టుకునేది కాదు. మంచినీళ్ళు కూడా మా ఇంట్లో తాగలేదు. నాన్న వసారాలో కూర్చుని ఆమె రావడం, పోవడం చూస్తూ ఉండేవాడు. నాయనమ్మ పోయేదాకా అలాగే గడిచింది. ఆ రోజుల్లో ఆయన నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అనలేదు.

హైస్కూలు నుంచి వస్తూ ఒక సాయంత్రం అమ్మకు తెలియకుండా ఆమె ఇంటికి వెళ్ళాను. అంత కోపమా పెద్దమ్మా అని అడిగాను. ఆమె చేటలో మిరపకాయలు ఏరుతోంది. ఆపకుండానే చెప్పింది.

"రావద్దంటే ఇంటికాడ ఉండేదాన్నమ్మా. నాకది అలవాటే. రమ్మని చెప్పి, నేను సంబరపడతా ఉంటే రోజూ చూశారు. చూస్తా నేను వడ్డించిన అన్నం తిన్నారు. అది నాకు మింగుడుపడలా."

నేను చదువు పూర్తి చేసి ఒంగోలులో ఒక బళ్ళో టీచరుగా చేరేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. నా మనసులో ఒకటే కోరిక ఉండేది. దసరా సెలవులకు ఆమెకూ నాకూ ఊటీ దాకా టికెట్లు తీశాను. ముందు చెప్పకూడదనుకున్నాను. టికెట్లు చేతిలో ఉన్నాకే చెప్పాలి. తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. కొండ రైలు టికెట్టు పైన ఉంచాను.

ఆమె కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది. తన పేరు ఉన్న చోట వేలు పెట్టి చదువుకుంది.

"నా పేరు అచ్చేశారే" అంది. తర్వాత వాటిని మడిచి నా చేతిలో పెట్టింది. "నేను రానమ్మా."

మోకాళ్ళ నొప్పులేమో అనుకుని, నేను పట్టుకుంటానన్నాను. సెలవులు అయ్యేలోపే తిరిగి వచ్చేస్తామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాళ్ళు కాదు. అప్పుడు ఎక్కాలని ఉండేది. ఇప్పుడు లేదు. కూనూరులో సంచులెత్తుకున్నప్పుడే పోయింది. మళ్ళీ వచ్చిద్దేమోనని చూశా, రాలా. నువ్వు ఇంత ప్రేమగా తెచ్చావని, లేని సంబరం ఉన్నట్టు నీ ఎదట ఎట్టా కనపడను? నేనూ వాళ్ళలాగే అయిపోతాగా."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. లేచి వెళ్ళి అన్నం పెట్టింది. నేను తిన్నాను. సాయంత్రం మా ఇంటికి వెళితే నాన్న వసారాలో ఉన్నాడు. టికెట్ల సంగతి ఆయనకు ఎలాగో తెలిసింది.

"వస్తానందా?" అన్నాడు.

"రానంది."

"రాదు" అన్నాడు. చెప్పులు వేసుకుని చేనువైపు వెళ్ళిపోయాడు. ఆ విషయం మీద మా నాన్న నాతో మాట్లాడింది అంతే. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆయనా పోయాడు, పెద్దమ్మా పోయింది. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ సర్దుకోలేదు. ఊరు మాత్రం ఇప్పటికీ ఆ కథను నవ్వుతూ చెప్పుకుంటుంది, రైలెక్కించలేదని ఆస్తి పంచుకున్న ఆవిడ అని.

నాకిప్పుడు నలభై దగ్గర పడుతోంది. మా పిల్లలూ, మా తమ్ముడి పిల్లలూ నన్ను గట్టిమనిషి అంటారు. ఏదైనా అడిగితే చూద్దాంలే అనను. కుదిరితే కుదురుతుందంటాను, కుదరకపోతే మొహం మీదే కుదరదంటాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. వాళ్ళు చిన్నబుచ్చుకున్నంతసేపూ అక్కడే కూర్చుంటాను, లేచి పోను. అది పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నదే. అది చేయగలుగుతున్నాను.

చేయలేనిది ఇంకొకటి ఉంది. ఆ కొండ రైలు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతారు. సొరంగాలు, లోయలు, చేతిమీద పడిన నీటి చుక్కలు, వెనకనుంచి నెట్టుకొచ్చే ఆ నల్లటి ఇంజను అన్నీ చెబుతాను. నా చిన్నతనంలో అంత అందమైన రోజు ఇంకొకటి లేదు. ఎంత ప్రయత్నించినా దాన్ని చేదు చేసుకోలేకపోయాను. ఇన్నేళ్ళయినా నన్ను వదలనిది అదే.